అప్‌డేట్: పువ్వుకీ సాస్‌కీ ఒకే పేరు, మిన్యొనెట్

తోటలో పూసే పువ్వుకీ, ఆయిస్టర్ల (సముద్రపు ఆల్చిప్పల) మీద వేసే సాస్‌కీ ఒకే ఫ్రెంచ్ పేరు ఎందుకని అడిగాను కదా. ముడి వీడింది, జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మూలం 'మిన్యొన్', అంటే చిన్నగా, ముద్దుగా ఉన్నది. పువ్వుకి ఆ పేరు నేరుగా వచ్చింది. సాస్‌కి మాత్రం మిరియాల వల్ల వచ్చింది: పలుకులుగా దంచిన మిరియాలను ఫ్రెంచ్ వంటవాళ్లు మిన్యొనెట్ అంటారు. సాస్‌లో పువ్వు వేయరు.

సాస్ కొలత: అర కప్పు రెడ్ వైన్ వెనిగర్, సన్నగా తరిగిన షాలట్ ఉల్లి రెండు పెద్ద చెంచాలు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు ఒక చిన్న చెంచా, చిటికెడు ఉప్పు. ఫ్రిజ్‌లో గంటసేపైనా ఊరాలి, అప్పుడే ఉల్లి ఘాటు తగ్గుతుంది. మిక్సీ మాత్రం వద్దు. ఉల్లి నీరు కారి చేదెక్కుతుంది, మెత్తటి మిరియాల పొడి వెనిగర్‌ను మడ్డిగా చేస్తుంది. షాలట్ దొరక్కపోతే సాంబారు ఉల్లి చక్కగా సరిపోతుంది. ఒక్కో పచ్చి ఆయిస్టర్ మీద అర చిన్న చెంచా చాలు. ఎక్కువైతే ఆ సముద్రపు ఉప్పదనమే తెలియదు.

ఇక మిన్యొనెట్ పూల మొక్క, శాస్త్రీయ నామం రెసిడా ఒడొరాటా. విత్తనం మొలవడానికి వెలుతురు కావాలి, మట్టి కప్పకుండా పైపైన అదిమితే చాలు. తల్లివేరు కదిలితే వాడిపోతుంది కాబట్టి నారు పోసి నాటకుండా ఉన్నచోటే చల్లాలి. పూలు చూపుకి ఆనవు, సువాసన కోసమే పెంచుతారు.