మిట్టమధ్యాహ్నం సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతోంది, వైరు మార్చాలా?

డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి, బ్యాటరీ లేదు. ఎండ బాగా కాసిన రోజు పదకొండున్నర నుంచి రెండింటి దాకా ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగి, మళ్లీ తనే మొదలవుతోంది. స్క్రీన్ మీద గ్రిడ్ ఓవర్‌వోల్టేజ్ (కరెంటు లైను వోల్టేజ్ హద్దు దాటింది) అని వస్తోంది. మబ్బు పట్టిన రోజు ఏ ఇబ్బందీ లేదు. కరెంటు దండిగా తయారయ్యే వేళే ఇలా వృథా అవుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

కనెక్షన్లు బిగించి, ఎర్తింగ్ కూడా చూపించాను. ఫలితం లేదు. సోలార్ బిగించినవాళ్లు, ఇన్వర్టర్ ఆగిపోయే 253 వోల్టుల హద్దును సెట్టింగుల్లో పెంచేద్దామంటున్నారు. లైను భద్రత కోసం పెట్టినదాన్ని కదపడం నాకు సబబు అనిపించలేదు.

పూర్తి ఉత్పత్తిలో ఇన్వర్టర్ దగ్గర 255 వోల్టులు, అదే సమయంలో మీటర్ దగ్గర 248. మధ్యలో 40 మీటర్ల 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు.

దీన్ని 6 స్క్వేర్ ఎంఎంకి మారిస్తే సరిపోతుందా, లేక ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (అది ఇచ్చే వోల్టేజ్‌ను సర్దే అమరిక) తగ్గించమని కరెంటు ఆఫీసులో అడగాలా?