నవాహో ఇసుకరాయి గాలి దిక్కు చెబుతుంది సరే, అక్షాంశం కూడా చెబుతుందా?

రాతిపొర:
అమెరికా నైరుతిలో కొలరాడో పీఠభూమి, అక్కడ జయాన్ నేషనల్ పార్క్ కొండగోడలు. ఆ నవాహో ఇసుకరాయి అంతా దాదాపు 19 కోట్ల ఏళ్ల కిందటి ఎడారి దిబ్బలే. ఆ ప్రాంతపు పాత దిబ్బల వాలు పొరలు కొలిస్తే ఉత్తర భాగంలో ఈశాన్య గాలి, దక్షిణానికి వచ్చేసరికి వాయవ్య గాలి తేలింది. గాలి ఇలా మలుపు తిరగాలంటే ఆ నేల భూమధ్యరేఖకు 10 డిగ్రీల లోపే ఉండి ఉండాలని రో, లూప్ బృందం 2007లో సైన్స్ పత్రికలో వాదించింది. రాళ్లు ఏర్పడినప్పుడు వాటిలో నిలిచిన అయస్కాంత దిశ మాత్రం ఆ నేలను ఇంకా ఉత్తరాన చూపిస్తుంది. నేను దిబ్బల పక్షమే. ఈశాన్య పవనం భూమధ్యరేఖ దాటితే ఎడమకు తిరిగి వాయవ్య పవనమవుతుంది. జనవరిలో ఉత్తర ఆస్ట్రేలియాకు వర్షం తెచ్చే గాలి ఇప్పటికీ అలా వచ్చేదే.

ఇసుకరేణువు:
వాలు చూపేది దిబ్బ నడిచిన దిక్కండీ. దాన్నే గాలి దిక్కు అనేయడం దగ్గరే నా పేచీ. గాలి సెకనుకు 5, 6 మీటర్లు దాటితే గానీ మామూలు ఇసుక కదలదు. బాగా దాటాక వేగం రెట్టింపైతే మోసే ఇసుక సుమారు ఎనిమిది రెట్లవుతుంది. ఏడాదంతా వీచిన మెల్లగాలికి రాతిలో జాడే ఉండదు, కొన్ని వారాల ఈదురుగాలి మాత్రం మిగిలిపోతుంది. పైగా గాలి రెండు దిక్కుల నుంచి వస్తే, రెండూ కలిపి ఎక్కువ ఇసుక తన మీదుగా దాటేలా దిబ్బ శిఖరం సర్దుకుంటుందని రూబిన్, హంటర్ 1987లోనే చూపించారు. మీ వాయవ్య గాలి నిజానికి ఉత్తర, పశ్చిమ గాలులు కలిసి చేసిన పని కావచ్చు.

రాతిపొర:
మెల్లగాలి మాట ఒప్పుకుంటాను. రెండు గాలుల సంగతి మాత్రం పొరల్లోనే విడదీయొచ్చు. రాతిని దగ్గరగా చూడండి. దిబ్బ నిటారు వైపు 32-34 డిగ్రీల వాలు మీద ఇసుక జారితే అంగుళం మందం నాలుకలుగా పడుతుంది, కిందికి వచ్చేకొద్దీ పలచబడి ముగుస్తుంది. గాలి అలల పొరలు అలా కాదు, మిల్లీమీటర్ల మందమే. ఒక్కో పొరలో సన్న ఇసుక కింద, ముతక ఇసుక పైన. అదే పీఠభూమిలోని కయోటీ బ్యూట్స్ దగ్గర ఈ రెండు రకాలూ కట్టలు కట్టలుగా మారి మారి వస్తాయి. ఒక కాలపు గాలికి ఒక రకం, మరో కాలపు గాలికి ఇంకో రకం, రెండూ కలిసిన కట్ట ఒక్కోటీ ఒక్కో ఏడాది. వానకు తడిసి జారిన ఇసుక ముద్దలు కూడా ఆ పొరల మధ్యే దొరికాయి. అన్ని కోట్ల ఏళ్ల నాటి వానాకాలాన్ని వేలితో తాకగలగడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం!

కొత్తచదువరి:
చిన్న సందేహం. పై బరువుకి మట్టి నొక్కుకుపోతే అయస్కాంత రేణువులు కూడా పడుకుంటాయంటారు కదా. అయస్కాంతం లెక్కే తప్పై ఉండొచ్చు కదా?

ఉత్తరముల్లు:
మంచి ప్రశ్న, కానీ తప్పు అటువైపు పోదు. అయస్కాంత వాలు, అంటే రాతిలో నిలిచిన అయస్కాంత దిశ నేలమట్టంతో చేసే కోణం, 36 డిగ్రీలుంటే అక్షాంశం 20, వాలు 19 అయితే అక్షాంశం 10. రేణువులు పడుకుంటే వాలు తగ్గి, ఆ నేల భూమధ్యరేఖకు ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది. దాన్ని సరిదిద్దితే ఇంకా ఉత్తరానికి జరుగుతుంది, అంటే దిబ్బలకీ దానికీ ఎడం పెరుగుతుంది. నాకు అనుమానమల్లా అప్పటి గాలుల్ని లెక్కగట్టే కంప్యూటర్ వాతావరణ నమూనాల మీదే. ఆ ఎడారికి పడమట అగ్నిపర్వతాల వరుస ఉండేది. దాని ఎత్తు ఎంత వేస్తే గాలి ఎంత మళ్లుతుందో తేల్చకుండా గాలిని బట్టి ఖండాన్నే జరపడం తొందరపాటు.

ఇసుకరేణువు:
నేనూ అక్కడే ఆగుతాను. రాతిపొర గారూ, కట్టల వాదన బలమైనదే. గాలి దిక్కు మీద నా అభ్యంతరం సగం వెనక్కి తీసుకుంటున్నాను, అక్షాంశం మీద మాత్రం కాదు.

రాతిపొర:
కొండల వరుస సంగతి నేను సరిగా లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఎత్తు మార్చి మార్చి నడిపిన నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. ఏ ఎత్తు దగ్గరా వాయవ్య గాలి రాకపోతే నేను దిబ్బల పక్షం వదలను.