చల్లటి సముద్రం అడుగున అంత బయోమాస్ ఎక్కడిది?

బీచ్‌రోడ్_ఎమ్మెస్సీ
సెమినార్ టెన్షన్‌లో ఉన్నాను. అంటార్కిటికా షెల్ఫ్ (తీరాన్ని ఆనుకున్న సముద్రపు అడుగు) మీద కొన్నిచోట్ల బెంథోస్ బయోమాస్, అంటే అడుగున బతికే జంతువుల మొత్తం బరువు, చదరపు మీటరుకు కిలో దాటుతుందట. నీళ్లేమో మైనస్ 1.8 డిగ్రీలు, చలికాలమంతా చీకటి. తిండి ఎక్కడిది? బురదలోంచి జంతువులను వడకట్టే జల్లెడ 0.5 మి.మీ.దా, 1 మి.మీ.దా? అక్కడున్న మన దేశపు భారతి స్టేషన్‌కి విద్యార్థులను తీసుకెళ్తారా?

గ్రాబ్_మాస్టారు
ఏ కిలో బాబూ? తడి బరువా, ఆరబెట్టిన బరువా, కాల్చి బూడిద తీసేసిన లెక్కా? అక్కడి బరువులో పెద్ద వాటా గాజు స్పాంజిలది. నీళ్లు పోగా మిగిలేదాంట్లో ఎక్కువ భాగం సిలికా ముళ్లే. అడుగు బురదను పట్టి తెచ్చే వాన్‌వీన్ గ్రాబ్ లాగి లాగి చేతులు కాయలు కాసినవాణ్ణి. తడి బరువు పట్టుకుని రెండు సముద్రాలను పోలిస్తే నేనైతే మార్కులు వెయ్యను.

సిరిపురం_సుధ
మాస్టారూ, ఆ అమ్మాయో అబ్బాయో అడిగింది తిండి గురించి. అంత చలిలో ఒంటి ఖర్చు చాలా తక్కువ. వేసవిలో ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) ఒక్కసారిగా విరగబడి పెరుగుతాయి, పైన తినగా మిగిలింది అడుక్కి దిగుతుంది. దాంతోనే నెట్టుకొస్తాయి, నెమ్మదిగా పెరుగుతాయి, చాలాకాలం బతుకుతాయి. గాదె నిండుగా ఉంటే ఆ ఏడు పంట బాగా పండిందనే కాదు, ఇంట్లో తినేది తక్కువైనా నిండుగానే ఉంటుంది. మన దగ్గర చాలా పురుగులు తొందరగా పుట్టి తొందరగా పోతాయి, అందుకే ఏ రోజు తూచినా తక్కువ.

చలి ఒక్కటే కారణం అనుకోకండి. అంటార్కిటికాలోని మెక్‌మర్డో సౌండ్ అనే సముద్రపు పాయలో తూర్పున జంతువులు కిక్కిరిసి ఉంటే, పడమట లోతు సముద్రంలా బోసిగా ఉంటుందని డేటన్, ఆలివర్ అనే పరిశోధకులు 1977లోనే చూపించారు. చలి రెండు వైపులా అదే. పడమటికి వచ్చే నీరు రాస్ మంచు పలక కింది నుంచి వస్తుంది, అందులో తిండి ఉండదు.

గ్రాబ్_మాస్టారు
డేటన్ పేరు చెబితే గాజు మాంసమైపోదు. మఫిల్ ఫర్నేస్‌లో (ల్యాబ్ కొలిమిలో) 500 డిగ్రీల దగ్గర కాల్చి చూడండి, ఏం మిగులుతుందో.

సిరిపురం_సుధ
ఉత్తరాన అలాస్కా దగ్గరి బేరింగ్, చుక్చీ సముద్రాల్లో గాజు స్పాంజిల రాజ్యం లేదు కదా? అక్కడ ఆల్చిప్పలు, ఆంఫిపాడ్లు (రొయ్యల్లాంటి చిన్న జీవులు). బూడిద తిమింగలాలు మెక్సికో తీరం నుంచి అంత దూరం ఈదుకెళ్లేది ఆ ఆంఫిపాడ్ల కోసమే. అవి ఫర్నేస్ చూసి వెళ్లవు.

గ్రాబ్_మాస్టారు
ఆల్చిప్పలను చిప్పతో తూచారా, తీసి తూచారా?

ఫార్మలిన్_వాసన
మళ్లీ మొదలు. నమూనాలు నిల్వచేసే ఫార్మలిన్‌లో నానాక బరువు మారుతుందని మాత్రం ఇద్దరూ చెప్పరు. మా గైడు నాతో డబ్బాలన్నీ మళ్లీ తూయించారు, ఆ కోపం ఇంకా పోలేదు. అయినా బరువెక్కువైతే గొప్పా? విశాఖ ఇన్నర్ హార్బర్ బురదలో కాపిటెల్లా పురుగులు గుంపులుగా దొరికాయి. అది కాలుష్యానికి గుర్తు.

పెదజాలారిపేట_బోటు
అంటార్కిటికాలో పీతలు ఉండవంట, నిజమా? పీతల్లేని సముద్రం ఏటండీ! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ తర్వాత వల వేస్తే మాకు పీత తగలని రోజు ఉండదు.

సిరిపురం_సుధ
షెల్ఫ్ మీద నిజమైన పీతలు దాదాపు లేవు. అంత చలిలో వాటి ఒంట్లో మెగ్నీషియం బయటికి పోక మత్తు కమ్ముతుందని ఒక వివరణ. లోతుల్లో రాజపీతలు కనిపించాయి, కానీ అవి నిజమైన పీతల కిందికి రావు. చిప్పలు పగలగొట్టేవాళ్లు తక్కువ కాబట్టే అక్కడ పెళుసు జంతువులు బతికిపోతున్నాయి.

గ్రాబ్_మాస్టారు
పీతల ముందు మంచు మాట చెప్పండి. మెక్‌మర్డోలో 15 మీటర్ల లోపు అడుగు దాదాపు ఖాళీ, అడుగునే మంచు గడ్డకట్టి అంటుకున్న జంతువులను లేపేస్తుంది. స్పాంజిల అడవి 33 మీటర్లు దాటాకే. ఇంకా లోతున ఐస్‌బర్గులు దున్నేస్తాయి. ఒక్క గ్రాబ్ ఎక్కడ పడిందన్నదాన్నిబట్టి కిలోలా, సున్నానా. సగటు అని రాసేవాళ్లకు సిగ్గుండాలి.

ఫార్మలిన్_వాసన
సిగ్గు గిగ్గు అనకండి, ఇది మీ క్లాసు కాదు.

కైలాసగిరి_కెమెరా
2021లో అంటార్కిటికా దగ్గరి వెడెల్ సముద్రంలో జర్మనీ పరిశోధన ఓడ పోలార్‌స్టెర్న్ వాళ్లు కెమెరా లాగితే ఐస్‌ఫిష్ గూళ్లు బయటపడ్డాయి. 240 చదరపు కిలోమీటర్లలో సుమారు 6 కోట్ల గూళ్లని అంచనా, చేపల బరువే 60 వేల టన్నుల పైన. దాన్ని వదిలి స్పాంజిల కోసం కొట్టుకుంటారేంటి?

గ్రాబ్_మాస్టారు
చేప బెంథోస్ కాదు.

కైలాసగిరి_కెమెరా
గూడు అడుగునే ఉంది, గుడ్లు అడుగునే ఉన్నాయి, కాపలా కాసే చేప అడుగునే కూర్చుంది. ఇంకేం కావాలి?

గ్రాబ్_మాస్టారు
నా జల్లెడలో పడాలి. ఆ ఎమ్మెస్సీకి చెబుతున్నాను, 0.5 పెట్టుకో, 1 మి.మీ. వాళ్ల లెక్కలతో నేరుగా పోల్చకు.

పెదజాలారిపేట_బోటు
ఆ చేప తింటారా?

కైలాసగిరి_కెమెరా
దాని రక్తంలో హిమోగ్లోబినే లేదు, ఎరుపుండదు.

పెదజాలారిపేట_బోటు
పులుసులో ఎరుపు కారంతో వస్తది లెండి. ధర చెప్పండి.