ఇంజెక్టర్లు విప్పాక పాత ఓ-రింగులే వెయ్యొచ్చా?

పాలకొల్లు ట్యాక్సీ: పెట్రోలు బండి, నాలుగు సిలిండర్లు. బండి కదలకుండా ఐడిల్‌లో ఉంటే వణుకుతోందండి. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు తీసి శుభ్రం చేయించమన్నారు. ఒక్కో ఇంజెక్టరుకి పైనొకటి, కిందొకటి ఉండే రబ్బరు ఓ-రింగులు, మొత్తం ఎనిమిదీ మార్చాలని ఒకరు, బాగున్నవి ఉంచెయ్యొచ్చని ఇంకొకరు. ఏం చెయ్యమంటారు?

అమలాపురం మేస్త్రి: రింగుల సంగతి తర్వాత, ముందు పైపుల్లో పెట్రోలు ప్రెజరు దింపండి. పంపు ఫ్యూజు పీకి ఇంజను నడిపితే దానంతటదే ఆగుతుంది. ఇంకో రెండుసార్లు సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ మైనస్ తీసెయ్యండి. అయినా పైపు విప్పేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టాలి, మిగిలింది చిమ్ముతుంది. ఇంజెక్టర్ల చుట్టూ గాలి కొట్టాకే, వాటికి పెట్రోలు పంచే గొట్టం, అదే రెయిల్, కదపండి. కోతల రోజుల్లో ఆ గుంటల్లో ఊక, దుమ్ము పేరుకుంటాయి. లోపల పడ్డాయా, నేరుగా వాల్వు మీదికే. బోల్టులు తీశాక రెయిల్‌ని రెండు చేతులతో నిటారుగా లేపండి, ఇంజనుకి గాలి వెళ్ళే ప్లాస్టిక్ మానిఫోల్డ్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి తన్నొద్దు. ఇక రింగు మెత్తగా, గుండ్రంగా ఉంటే మళ్ళీ వెయ్యొచ్చు.

గోదారిగట్టు: అంతా బాగా చెప్పి చివర్లో ముంచేశారు. ఇంజను వేడికి రబ్బరు నొక్కుకున్న వైపు పలచబడుతుంది. కంటికి గుండ్రంగానే ఉంటుంది, మళ్ళీ పెడితే పాత గాడిలో కూర్చోదు. విప్పామంటే కొత్తవే.

నాలుగోగేరు: గ్రీజు రాస్తే సరి.

గోదారిగట్టు: గ్రీజు, సిలికాను రెండూ వద్దు. శుభ్రమైన ఇంజనాయిల్ ఒక చుక్క చాలు. పెట్టాక ఇంజెక్టరు చేతికి నునుపుగా తిరగాలి. బిగుసుకుపోతే రింగు మడత పడినట్టే, తీసి మళ్ళీ పెట్టాలి.

అమలాపురం మేస్త్రి: కొత్తవి, కొత్తవి అంటారు. ఏవి కొత్తవి? డబ్బాలోంచి సైజు చూసి ఏరిన నల్లరబ్బరు రింగా? నాసిరకం రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోల్లో ఉబ్బుతుంది. దానికన్నా బండితో వచ్చిన పాతదే నయం. అయినా కింది రింగు కారితే మునిగేదేముంది? గాలి పీల్చి ఐడిల్ ఊగుతుంది, అంతే.

గోదారిగట్టు: నేను మాట్లాడేది పై రింగు గురించి! అక్కడ పెట్రోలు మూడు, నాలుగు బార్ల ప్రెజరుతో ఉంటుంది. కారితే వేడి ఇంజను మీదే పడుతుంది. అంటుకుంటే బండి బూడిదే.

నాలుగోగేరు: ఇంతసేపూ ఒకరు పైదీ, ఒకరు కిందదీ మాట్లాడారా?

అమలాపురం మేస్త్రి: పై రింగు మార్చొద్దని ఎవరన్నారండి? అసలు రింగులు రాజమండ్రి నుంచి రావాలి. అందాకా రెయిల్ విప్పిన బండి వానాకాలంలో షెడ్డు ముందు నిలబడితే, రోజు బాడుగ పోయిందని అరిచేది తమరా? ఆ అరుపులు పడలేకే పాతవి బిగించడం.

గోదారిగట్టు: అదీ మొదట్లోనే చెప్పాల్సిన మాట. గొడవ రింగుల మీద కాదు. సరుకు చేతికి రాకుండా బండి ఎందుకు విప్పుతారన్నదే నా ప్రశ్న.

అమలాపురం మేస్త్రి: విప్పితే గానీ ఏ రకం ఇంజెక్టరో తెలియదు.

గోదారిగట్టు: ఛాసిస్ నంబరు చెప్తే తెలుస్తుంది.

అమలాపురం మేస్త్రి: నంబరు చెప్పినా కొన్ని బండ్లకి పై రింగు వేరు, కింది రింగు వేరు. రెండూ ఒకే గిన్నెలో పోసి కలిపేసేవాళ్ళకి ఏ నంబరు పనికొస్తుంది?

పాలకొల్లు ట్యాక్సీ: రింగులు తెప్పించాకే విప్పిస్తానండి. బిగించాక వెంటనే స్టార్ట్ చెయ్యొచ్చా?

గోదారిగట్టు: వద్దు. ఫ్యూజు పెట్టి, బ్యాటరీ మైనస్ తగిలించి, తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆపండి. అలా మూడునాలుగుసార్లు. పంపు రెయిల్ నింపుతుంది. టార్చి వేసి ఒక్కో ఇంజెక్టరు మొదలూ చూడండి, వేలితో తడిమి వాసన చూడండి. తడి లేకపోతేనే సెల్ఫ్.

అమలాపురం మేస్త్రి: ఇందులో మాత్రం ఆయనతో పేచీ లేదు. పక్కన ఎవరూ చుట్ట కాల్చకుండా చూసుకోండి.