కల్లు దుకాణాలన్నీ రేపే మూసేయాలా?

కూకట్‌పల్లి వాసి:
2025 జూలైలో మా కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. చాలామంది కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో చేరారు. కల్లు శాంపిళ్లలో ఆల్ప్రాజోలం అనే మత్తుమందు బయటపడింది. డ్రగ్స్ అనగానే పబ్బులు, కాలేజీలు అంటాం. అడ్డా కూలీ సాయంత్రం తాగే సీసాలో ఉన్నది డ్రగ్ కాదా? నగరంలో తాటిచెట్లు ఎన్ని, రోజూ అమ్ముడయ్యే కల్లు ఎంత? దుకాణాలన్నీ రేపే మూసేయాలి. మీరేమంటారు?

బోధన్ బిడ్డ:
అన్నా, మీ కోపం న్యాయమే. కానీ రేపు మూస్తే ఎల్లుండి ఏమవుతుందో నేను మా ఇంట్లో చూశాను.

మా నాన్న ఇరవై ఏళ్లు తాగాడు. ఒకసారి దాడుల భయంతో మా ఊరి దుకాణం నాలుగు రోజులు బంద్ పెట్టారు. మొదటి రాత్రి ఆయనకు కంటి మీద కునుకు లేదు. రెండో రోజు చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం లుంగీ మీదే ఒలికింది. మూడో రోజు గోడ మీద లేని చీమల్ని దులుపుతూ కూర్చున్నాడు. ఆ సాయంత్రమే ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాడు. అమ్మ ఏడుస్తూ ఆయన చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "కల్లు మానేసి ఎన్ని రోజులైంది?"

డాక్టర్లు ఆల్ప్రాజోలం అర మిల్లీగ్రాము, పావు మిల్లీగ్రాము బిళ్లల్లో ఇస్తారు. దుకాణంలో అదే పొడిని లెక్కాపత్రం లేకుండా కలుపుతారు. దానికి అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆస్పత్రిలో అదే జాతి మందు కొలిచి ఇచ్చి, రోజులు గడిచేకొద్దీ తగ్గిస్తూ వస్తారు. నాన్నకూ అలాగే మాన్పించారు.

గీత కార్మికుడి కొడుకు:
మా నాన్న ఇప్పటికీ మోకు, ముస్తాదు కట్టుకుని తెల్లవారుజామున తాడెక్కుతాడు. చెట్టు మీది నుంచి దించిన కల్లు పొద్దెక్కేసరికి పులుస్తుంది, దాన్ని దాచి సీసాల్లో ఊళ్లకు పంపలేం. పొడి కలిపేవాళ్లతో కలిపి మా పొట్ట కొట్టకండి. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఆల్ప్రాజోలం 100 గ్రాములు దాటితే పదేళ్లకు తగ్గని జైలు. ఆ పొడి ఏ ఫ్యాక్టరీ నుంచి వస్తోందో అక్కడ పట్టుకోవాలి.

కూకట్‌పల్లి వాసి:
తమ్ముడూ, మీ నాన్నగారి గురించి చదివి బాధేసింది. అయినా ఒక మాట అడుగుతాను. ఆస్పత్రులు సిద్ధమయ్యేదాకా ఆ విషం అమ్ముతూనే ఉండనివ్వాలా? హైదరాబాద్‌లో మూతపడ్డ కల్లు కాంపౌండ్లను 2014లో మళ్లీ తెరిచారు. మనం ఆగిన ప్రతి రోజూ ఎవరో ఒకరు కొత్తగా అలవాటుపడుతున్నారు.

బోధన్ బిడ్డ:
ఏళ్ల తరబడి ఆగమనట్లేదు అన్నా. వారం చాలు. ఆ వారంలో ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి రోజూ తాగేవాళ్ల పేర్లు రాసుకోవాలి, ఏరియా ఆస్పత్రిలో మంచాలు, మందులు ఉంచాలి. తరువాత మూయండి, మొదటి తాళం నేనే తెచ్చిస్తాను. పేరు చెబితే కేసు పెట్టరని మాత్రం ముందే చాటింపు వేయించాలి. మా అమ్మ మూడు రోజులు ఇంట్లోనే దాచింది ఆ భయంతోనే.

నాన్న మానేసి రెండేళ్లవుతోంది. బజారుకెళ్లాలంటే ఇప్పటికీ దుకాణం దారిన పోడు, చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి వెళ్తాడు.