కిరాయి దళానికి సేనాని వెన్నుపోటు: ఏ పద్ధతి నమ్మేలా ఉంటుంది?

అంగారకుడి మీద యుద్ధం గురించి నవల రాస్తున్నాను. వంశగర్వం తలకెక్కిన సేనాని కిరాయి దళాన్ని చావుకు వదిలేసి తాను మాత్రం కక్ష్యలోకి జారుకోవాలి. అలాంటి దొర ఉంటాడా అన్న సందేహం లేదు. 1346లో ఫ్రాన్సులోని క్రెసీ యుద్ధంలో, వెనక్కి తగ్గిన ఇటలీ జెనోవా విలుకాండ్రను కూలికి తెచ్చుకున్న ఫ్రెంచి ప్రభువులే గుర్రాలతో తొక్కించారు. ఆ విలుకాండ్రను కాచే పెద్ద డాళ్లు సామాన్ల బళ్లలోనే ఉండిపోయాయి.

మొదటి దారి: కిరాయి దళం ఎక్కే నౌకలో ఇంధనం తక్కువ పోయించడం. చిక్కంతా ఆ ఇంధనంతోనే. దిగువ కక్ష్య చేరడానికి, నష్టాలు కలుపుకుని, సెకనుకు సుమారు 4.1 కి.మీ. వేగమార్పు కావాలి. మీథేన్-ఆక్సిజన్ ఇంజనుతో 10 టన్నుల ఖాళీ నౌకకు దాదాపు 21 టన్నులు పొయ్యాలి. 17 టన్నులే పోయిస్తే 3.6 దగ్గర ఆగి కిందపడుతుంది. గేజీని ఏమార్చవచ్చు, సరే. కానీ తేలికైన నౌక లెక్కకన్నా జోరుగా లేస్తుంది, కంప్యూటర్ వెంటనే పసిగట్టదూ?

రెండో దారి: నౌక తమదేనని ఫిరంగులకు తెలిపే గుర్తింపు సంకేతాలను ఆఖరి నిమిషంలో మార్చి, కిరాయి దళం నౌకను సొంత ఫిరంగులతోనే కూల్చడం. భూమికి మొర చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది కాబట్టి అడ్డుకునేవాళ్లుండరు. అయితే సంకేతాలు మార్చిన జాడ రికార్డుల్లో మిగులుతుంది.

ఇంధన పథకంలో ఆ త్వరణం తేడాను కప్పిపుచ్చే ఉపాయం ఉందా? అదనపు సరుకు ఎక్కించి బరువు సరిచేస్తే చాలా, లేక ఇంజను థ్రస్టు (తోపుడు బలం) కూడా తగ్గించాలా?