కీబోర్డు మీద తోడి గాంధారం పలుకుతుందా?

గౌరి_కాకినాడ:
మా అమ్మాయి కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది, వర్ణాల్లో ఉంది. సరదా పడిందని 61 మెట్ల కీబోర్డు కొన్నాం. గీతాలవరకు బాగానే వాయించింది కానీ తోడి రాగం ఎత్తుకోగానే మాస్టారు "స్వరాలున్నాయి, రాగం లేదమ్మా" అన్నారు. ఎడమవైపు ఒక చక్రం ఉంది, తిప్పితే స్వరం జారుతోంది. దాంతో గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) వస్తుందా, లేక వయొలిన్‌కి మార్చెయ్యాలా?

శ్రుతిపెట్టె:
వస్తుందండి. ఆ చక్రం పిచ్ బెండ్. చాలావాటిలో కంపెనీ సెట్టింగే పైకి రెండు, కిందికి రెండు స్వరస్థానాలు (నల్లవీ తెల్లవీ కలిపి లెక్కేస్తే ఒక్కో మెట్టు ఒక్కో స్థానం) ఉంటుంది. తోడిలో "గ" స్వరాన్ని, అంటే సాధారణ గాంధారాన్ని, ఊరికే నొక్కి నిలబెడితే లాభం లేదు, శుద్ధ రిషభానికీ (రి) శుద్ధ మధ్యమానికీ (మ) మధ్య ఊగాలి. లెక్కేసుకోండి, గాంధారానికి రెండు స్థానాల కింద ఆ రిషభం, రెండు స్థానాల పైన ఆ మధ్యమం, చక్రం సరిగ్గా అక్కడికే వెళ్తుంది! మెట్టు ఒక్కసారే నొక్కి, వదలకుండా ఎడమ చేత్తో ఊపాలి. పియానో టోన్ వద్దు, మధ్యలోనే ఆరిపోతుంది, ఫ్లూటో వయొలినో పెట్టండి. అదే కీబోర్డులో స-ప శ్రుతి నొక్కిపెడితే అదీ ఊగుతుంది కాబట్టి ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకోండి.

వాయులీనం_మాస్టారు:
చక్రాలు తిప్పితే తోడి వచ్చేస్తుందా? 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని ఊరికే బయట పెట్టలేదు, మెట్ల మీద గమకం పలకదనే. ఈ కరెంటు వాయిద్యాలన్నీ అదే బాపతు. వయొలిన్ కొనండి.

ఒంటితీగ:
మాస్టారూ, తప్పు మెట్లది, కరెంటుది కాదు. 1920 ప్రాంతంలో రష్యాలో థెరెమిన్ అనే ఆయన చేసిన కరెంటు వాయిద్యానికి అసలు మెట్లే లేవు, యాంటెన్నాకి చెయ్యి దగ్గరయ్యేకొద్దీ స్వరం పైకి జారుతుంది, అంతే. 1928లో ఫ్రాన్సులో మార్తెనో అనే ఆయన జనం ముందు పెట్టినదాన్ని వేలికి ఉంగరం తొడుక్కుని, దానికి కట్టిన తీగను అటూ ఇటూ లాగుతూ వాయిస్తారు. జారుడు స్వరాలు మొదట్నించీ ఉన్నాయి, తర్వాత సింథసైజర్లు పియానో వాళ్లకి అమ్ముడుపోవాలి కదా, ఆ మెట్లే తగిలించారు. 1983లో వచ్చిన మిడి (కరెంటు వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) కూడా మెట్టు నొక్కడం, వదలడం అన్న లెక్కలోనే తయారైంది, బెండ్ చేస్తే ఆ చానల్లో మోగేవన్నీ కలిసే వంగుతాయి (పైన చెప్పిన శ్రుతి గొడవ ఇదే). స్వరానికో చానల్ ఇచ్చే ఎంపీఈ అనే మిడి పద్ధతి 2018లో గానీ ప్రమాణం కాలేదు, దానికి తగ్గ మెత్తటి మెట్ల వాయిద్యాల ధర చూస్తే కళ్లు తిరుగుతాయి.

అన్నట్టు మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారు వాయించింది ఎలక్ట్రిక్ మాండొలినే కదా. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకున్నారు. చిటుక్కున ఆరిపోయే నాదం సభంతా నిలబడి వినిపించిందంటే అందులో కరెంటు వాటా లేదా?

వాయులీనం_మాస్టారు:
ఆయన పేరెత్తితే నేనేం మాట్లాడను. అయినా అది తీగ బాబూ, వేలి కిందే ఉంటుంది.

గౌరి_కాకినాడ:
ఇప్పుడే ఊపి చూసింది, అంబులెన్సులా ఉంది 😄

శ్రుతిపెట్టె:
ఒకే వేగంతో ఊపుతుంటే అలాగే ఉంటుంది. చక్రం వదిలేస్తే స్ప్రింగు వల్ల టక్కున మధ్యకి వచ్చేస్తుంది, వేలు తియ్యకుండా మెల్లగా తేవాలి. ముందు ఆ గాంధారం ఊపును నోటితో పాడించి, పాడుతూనే ఊపమనండి. ఒకసారి మెనూలో బెండ్ రేంజ్ 2 ఉందో లేదో కూడా చూడండి, ఎవరైనా 12 చేసి పెట్టి ఉంటే గాంధారం ఆకాశానికి పోతుంది.